తీర్పు అక్కడికక్కడే

పందెం ఎంత పని చేయగలదో పల్నాడు వాళ్ళకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక కోడిపందెం రెండు రాజ్యాలను ఎలా కాల్చేసిందో మా పిల్లలు బడికి పోకముందే వింటారు. గురజాలలో నలగామరాజు, ఆయన పక్కన మంత్రిగా నాయకురాలు నాగమ్మ. మాచర్లలో మలిదేవరాజు, ఆయన వెనక బ్రహ్మనాయుడు. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచి పోవాలన్నది షరతు. బ్రహ్మనాయుడి పుంజు ఓడింది. మాచర్ల వాళ్ళు అడవులు పట్టారు. గడువు తీరాక, మా రాజ్యం మాకివ్వండని అడగడానికి రాయబారిగా వచ్చిన అలరాజును విషం పెట్టి చంపారు. ఆ తర్వాత కారంపూడిలో జరిగిన యుద్ధం సంగతి అందరికీ తెలుసు. ఇప్పటికీ ఏటా కార్తీకంలో అక్కడ వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ ఐదు రోజులు ఊరు ఊరంతా ఆ పన్నెండో శతాబ్దంలోకి వెళ్ళి వస్తుంది.

ఆ కథ విన్నప్పుడల్లా నన్ను ఒక ప్రశ్న పట్టుకుంటుంది. ఆ రోజు బరి పక్కన ఇరుపక్షాలకూ సమ్మతమైన మధ్యస్థుడు ఎవరు? నాగమ్మ పుంజు మాయతో గెలిచిందని ఒక పక్షం వాళ్ళు నేటికీ అంటారు. కాదు, న్యాయంగానే గెలిచిందని రెండో పక్షం అంటుంది. ఎనిమిది వందల ఏళ్ళు దాటినా ఆ మాట తేలలేదు. వీరులకు కొదవలేని కథ అది. ఆ క్షణంలో, ఆ బరిలోనే, ఇది తప్పు, ఇది ఒప్పు అని తేల్చి ఇద్దరినీ ఒప్పించగల మనిషి మాత్రం అందులో లేడు.

అలాంటి మధ్యస్థుడు ఉన్న పందెం ఎలా ఉంటుందో నేను చూసింది నీళ్ళ మీద జరిగే ఒక ఆటలో. తెరచాప పడవల పందేల్లో మ్యాచ్ రేసింగ్ అని ఒక పద్ధతి ఉంది. మామూలు పందెంలో ఇరవయ్యో ముప్ఫయ్యో పడవలు ఒకేసారి బయల్దేరతాయి. మ్యాచ్ రేసింగ్‌లో రెండే పడవలు. ముందొచ్చినవాళ్ళు గెలిచినట్టు, వెనకొచ్చినవాళ్ళు ఓడినట్టు. మూడో స్థానం, ఓదార్పు స్థానం అక్కడ ఉండవు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు ఈ పోటీ ఒకే ఒక్కసారి పెట్టారు, 2012 లండన్ క్రీడల్లో. పడవల పందేలు జరిగింది దక్షిణ తీరంలోని వేమత్ దగ్గర. పన్నెండు దేశాల జట్లు, జట్టుకు ముగ్గురు ఆడవాళ్ళు, అందరికీ ఎలియట్ 6 మీటర్ రకం పడవలే.

అలాంటి పోటీలో ఒక రోజు ఎలా గడుస్తుందో చెప్తాను. పొద్దున్నే అందరి కళ్ళూ గాలి మీద ఉంటాయి. గాలి లేకపోతే ఒడ్డున కూర్చోవాలి. గాలి రాగానే బోయాలు, అంటే నీళ్ళ మీద తేలే గుర్తులు, దించి దారి పరుస్తారు. ఎదురుగాలికి ఒక బోయా, గాలివాటున ఒక బోయా, వాటి చుట్టూ రెండు చుట్లు. ఒక్కో పందెం కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. వెంటనే ఇంకో జోడీ, ఆ తర్వాత మరో జోడీ. పడవలు నిర్వాహకులవి. జట్లు మారినప్పుడల్లా పడవలూ చేతులు మారుతుంటాయి. నిన్న నన్ను ఓడించిన పడవలో ఇవాళ నేను కూర్చోవచ్చు. కాబట్టి సాయంత్రం ఓడినవాళ్ళు పడవ బాగాలేదని చెప్పుకోవడానికి వీలుండదు.

పందెం మొదలవడానికి నాలుగు నిమిషాల ముందే అసలు పోరు మొదలవుతుంది. ఒక పడవకు నీలం జెండా, రెండోదానికి పసుపు జెండా. బయల్దేరే గీతకు ఆ కొస నుంచి ఒకటి, ఈ కొస నుంచి ఒకటి లోపలికొస్తాయి. ఎదురెదురుగా వచ్చి, గాలికి ముక్కు పెట్టి, తెరచాపలు టపటపలాడుతుంటే పక్కపక్కనే ఆగిపోతాయి. ఎవరు ముందు కదిలితే వాళ్ళు చిక్కుతారు. మళ్ళీ విడిపోతాయి, ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతాయి. గాలి కుడివైపు నుంచి తగిలే పడవకు దారి హక్కు. ఎడమవైపు నుంచి గాలి తీసుకునే పడవ తప్పుకోవాలి. ఆ హక్కును అడ్డం పెట్టుకుని అవతలివాళ్ళను గీతకు దూరంగా తోసుకుపోవడమే ఆ నాలుగు నిమిషాల విద్య.

బయల్దేరాక మొదటి దారి ఎదురుగాలికి. ఎదురుగాలికి తెరచాప పడవ నేరుగా పోలేదు. కొంత కుడికి, కొంత ఎడమకి మలుపులు తిరుగుతూ పైకెక్కాలి. అక్కడ ముందున్నవాళ్ళదే పైచేయి. వాళ్ళ తెరచాప తాకి చెదిరిన గాలే వెనకవాళ్ళకు దక్కుతుంది. అయితే ముందున్నవాళ్ళకు స్వేచ్ఛ ఉందనుకుంటే పొరపాటు. వెనకున్న పడవ ఎటు మళ్ళితే ముందున్న పడవా అటే మళ్ళాలి. లేకపోతే అటువైపు వీచే కొత్త గాలిని వెనకవాళ్ళు ఒంటరిగా అందుకుని దాటిపోతారు. పై బోయా చుట్టి కిందికి తిరగగానే పరిస్థితి తలకిందులవుతుంది. ఇప్పుడు గాలి వెనక నుంచి వస్తోంది కదా, అది ముందు తగిలేది వెనకున్న పడవకే. వాళ్ళు తమ తెరచాపను అడ్డుపెట్టి ముందువాళ్ళ గాలిని ఆపేస్తారు. పైకెక్కేటప్పుడు దెబ్బతిన్నవాళ్ళకు దిగేటప్పుడు అవకాశం వస్తుంది. ఈ న్యాయం ఏ నిబంధనల పుస్తకంలోనూ రాసిపెట్టింది కాదు. గాలి తనంతట తాను చేసే పంపకం అది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ రెండు పడవల వెంట పరుగెత్తే మూడో పడవ. అది మోటారు పడవ. అందులో ఇద్దరు అంపైర్లుంటారు. వాళ్ళు పనిచేసే తీరు చూడండి. ఒకరు నీలం పడవ తరఫున, ఒకరు పసుపు పడవ తరఫున ఆలోచిస్తారు. నేను నీలాన్ని, గాలి నాకు కుడివైపు నుంచి ఉంది, దారి నాది అని ఒకరు గట్టిగా చెప్తుంటారు. నేను పసుపును, నేను తప్పుకోవాలి, తప్పుకుంటున్నాను అని రెండోవారు. అంటే తీర్పు చెప్పేముందే ఇద్దరి పక్షాన్నీ ఇద్దరు నోరారా పలుకుతారు. ఒక పడవ ఫిర్యాదు జెండా ఎత్తిందంటే క్షణాల్లో జవాబు రావాలి. ఆకుపచ్చ, తెలుపు జెండా ఎత్తితే తప్పేమీ లేదని. నీలమో పసుపో ఎత్తితే ఆ పడవకు శిక్ష అని. పందెం అయ్యాక గదిలో కూర్చుని సాక్షులను పిలిచి నెలల తరబడి నడిపే వ్యవహారం కాదు.

శిక్ష కూడా ఎంత బాగుంటుందో. తప్పు చేసిన పడవ పందెంలో ఉండగానే తన దారి వదిలి దాదాపు ఒక చుట్టు తిరగాలి. అలా తిరిగితే కొన్ని పడవల పొడవు దూరం పోతుంది. ఆ నష్టంతో తప్పు తీరిపోతుంది. మళ్ళీ మామూలుగా పందెంలో పడవచ్చు, గెలవనూ వచ్చు. ఆ చుట్టు ఎప్పుడు తిరగాలో చాలావరకు వాళ్ళిష్టమే. ముగింపు గీత దాటేలోగా తిరిగితే చాలు. ఈలోగా అవతలి పడవా తప్పు చేస్తే ఒకదానికొకటి చెల్లు. తప్పు వల్లే ఎదుటివాళ్ళ మీద పైచేయి సాధించారనుకుంటే అప్పటికప్పుడే తిరగమంటారు. తీర్చని శిక్షలు రెండు దాటితే నల్లజెండా ఎత్తి ఆ పందెం నుంచే తప్పిస్తారు. తప్పు చేసినవాణ్ణి ఏడేళ్ళు అడవికి పంపరు, అలాగని చూసీ చూడనట్టు వదిలిపెట్టరు. తప్పుకు తగిన ధర, అక్కడే, అందరి కళ్ళముందే చెల్లించి ముందుకు సాగాలి.

2012 ఆగస్టు 11న ఆ ఒలింపిక్ ఫైనల్ జరిగింది. స్పెయిన్ జట్టులో తమారా ఎచెగోయెన్, ఆంఖెలా పుమరియెగా, సోఫియా తోరో. ఆస్ట్రేలియా జట్టులో ఒలీవియా ప్రైస్, నీనా కర్టిస్, లూసిండా విట్టీ. ఐదింట మూడు గెలిచినవాళ్ళకు స్వర్ణం. గాలి జోరుగా ఉంది. పోరు ఐదో పందెం దాకా పోయింది. మధ్యలో ఒకసారి ఆస్ట్రేలియా సారథి ప్రైస్ పడవలోంచి నీళ్ళలో పడిపోయింది. తోటివాళ్ళు పడవను అదుపులోకి తెచ్చి ఆమెను ఎక్కించుకున్నారు. ప్రమాదవశాత్తు నీళ్ళలో పడిన మనిషి తిరిగి పడవ ఎక్కాకే పందెంలో సాగాలని నిబంధన. బంగారు పతకం చేజారిపోతున్నా సరే, ముందు మనిషి. చివరికి స్పెయిన్ 3-2తో గెలిచింది. ఫిన్లాండ్‌కు కాంస్యం దక్కింది. ఆ ఆరుగురూ ఒకరినొకరు గంటల తరబడి నీళ్ళ మీద తరిమి తరిమి పోరాడారు. ఆ సాయంత్రం ఫలితం మీద తగవు మిగల్లేదు. ఏ తగవూ పుట్టినచోట నుంచి కదలకముందే తీరిపోయింది కాబట్టి.

తర్వాతి ఒలింపిక్స్ నుంచి ఈ పోటీని తీసేశారు. నా దృష్టిలో అది నష్టం. ఆడవాళ్ళ శక్తి గురించి లోకం ఎప్పుడు మాట్లాడినా ఎవరితోనో పోల్చి మాట్లాడుతుంది. ఒకే రకం పడవ, ఒకే నీళ్ళు, ఒకే గాలి ఇచ్చి ఇద్దరు ఆడవాళ్ళను ఎదురెదురుగా నిలబెట్టినప్పుడు ఆ పోలికలన్నీ ఒడ్డునే ఉండిపోతాయి. చూసేవాళ్ళకు కనిపించేది నేర్పు ఒక్కటే. 1851లో మొదలైన అమెరికాస్ కప్ మ్యాచ్ రేసింగ్‌కు పెద్ద పీఠం. అందులో ఆడవాళ్ళకంటూ ఒక కప్పు పెట్టడానికి 2024 దాకా పట్టింది. ఆ ఏడు అక్టోబరులో బార్సిలోనాలో జరిగిన ఆ తొలి మహిళల కప్పు ఫైనల్లో ఇటలీ జట్టు లూనా రోసా బ్రిటన్ జట్టును ఓడించింది. నూట డెబ్బైమూడేళ్ళు ఆగాక దొరికిన పడవ అది.

మన ఆడపిల్లలకూ నీళ్ళు కొత్త కాదు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే యాభై అయిదు అడుగుల తెరచాప పడవ బయల్దేరింది. అందులో ఉన్న ఆరుగురూ నౌకాదళం ఆడ అధికారులే. సారథి వర్తికా జోషి. ఆ ఆరుగురిలో ఇద్దరు తెలుగువాళ్ళు, విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవులు చూసుకుంటూ భూగోళం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. దక్షిణ మహాసముద్రపు అలల్ని తట్టుకున్న చేతులవి. మద్రాసు అమ్మాయి నేత్రా కుమనన్ ఒలింపిక్స్ సెయిలింగ్‌కు అర్హత సాధించిన మొదటి భారతీయ మహిళ. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వెండి పతకం తెచ్చిన నేహా ఠాకూర్‌ది సముద్రమే లేని మధ్యప్రదేశ్. ఆమె నేర్చుకున్నది భోపాల్ చెరువులో.

ఇంకా దగ్గరి మాట హుస్సేన్‌సాగర్. హైదరాబాద్ నడిబొడ్డున, పదహారో శతాబ్దంలో కుతుబ్‌షాహీల కాలంలో తవ్విన చెరువది. సైన్యం వాళ్ళు అక్కడ ఎప్పట్నుంచో తెరచాప పడవలు నడుపుతున్నారు. 2009లో సుహేమ్ షేక్ హైదరాబాద్ యాట్ క్లబ్ పెట్టాక బస్తీల పిల్లలకు ఆ పడవలు అందాయి. రసూల్‌పురాలోని ఉద్భవ్ బడిలో చదివిన ప్రీతి కొంగర అలా నీళ్ళ మీదికి వచ్చినమ్మాయే. ఇరుకు సందుల నుంచి వచ్చిన ఆ అమ్మాయి హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సుధాంశు శేఖర్‌తో కలిసి 470 రకం పడవలో భారత్ తరఫున పోటీ చేసింది. ఆ పిల్లలకు ఈ ఆట ఇళ్ళలో వారసత్వంగా రాలేదు. ఎవరో ఒకరు సరైన పడవ చేతికిచ్చి, దగ్గరుండి నేర్పితే వచ్చింది.

ఇప్పుడు మా ఊళ్ళ వైపు చూస్తాను. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. ఆ జిల్లా పడమటి అంచున, మాచర్ల దాటితే విజయపురి సౌత్. అక్కణ్ణుంచి కనుచూపు మేర నాగార్జునసాగర్ జలాశయం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలిన ఆనకట్ట. నిండినప్పుడు 590 అడుగుల మట్టం. ఆ నీళ్ళ మీద నాగార్జునకొండకు పోయే లాంచీలు తిరుగుతాయి. తెరచాప పడవ మాత్రం నా కంట పడలేదు. ఒకసారి లాంచీ మీద పనిచేసే పెద్దాయనను అడిగాను, ఇక్కడ గాలి ఎట్లా ఉంటదని. "వానాకాలం వస్తే గాలికేం తక్కువ లేదమ్మా. ఎదురుగాలి ఉన్న రోజు డీజిలు ఎక్కువ తాగుద్ది" అన్నాడు. ఆయన లెక్కలో ఆ గాలి ఖర్చు. తెరచాప కట్టినవాళ్ళకు ఆ గాలే పెట్టుబడి.

ఆ ఒడ్డునే అనుపు ఉంది. ఇక్ష్వాకుల నాటి విజయపురి నీళ్ళలో మునిగిపోయేముందు పురావస్తుశాఖ వాళ్ళు తవ్వి తీసిన కట్టడాల్లో ఒక క్రీడారంగం ఉంది. దాన్ని అనుపుకు తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. మధ్యలో బరి, చుట్టూ మెట్లు మెట్లుగా ఆసనాలు. దాదాపు పదిహేడు వందల ఏళ్ళ కిందట మా నేల మీద జనం వరసగా కూర్చుని పోటీలు చూసేవాళ్ళు. ఆ రంగం కట్టినవాళ్ళకు ఒక సంగతి బాగా తెలుసు. పోటీ అందరి కళ్ళముందూ జరగాలి. నాలుగు వైపులా చూసేవాళ్ళుంటే బరిలో మాయ సాగదు. మ్యాచ్ రేసింగ్‌కు కావలసింది కూడా అదే. రెండే పడవలు కాబట్టి ఒడ్డున కూర్చున్న ఎవరికైనా ఎవరు ముందున్నారో, ఎవరు తప్పుకోలేదో తెలిసిపోతుంది. వేమత్‌లోనూ జనం ఒడ్డు మీది గడ్డిలో కూర్చునే చూశారు.

నీళ్ళంటే అమ్మానాన్నలకు భయం. అది ఉత్త భయం కాదు. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర లాంచీ మునిగి ఎన్ని ఇళ్ళు దిక్కులేనివయ్యాయో మనం చూశాం. కానీ ఆ భయానికి జవాబు కూడా ఈ ఆటలోనే ఉంది. తెరచాప బడిలో పిల్లకు మొదట నేర్పేది పడవ బోర్లా పడితే ఏం చేయాలన్నది. లైఫ్ జాకెట్ లేకుండా గట్టు దిగనివ్వరు. శిక్షకుడి మోటారు పడవ పక్కనే తిరుగుతుంటుంది. కావాలని బోర్లా వేయిస్తారు, మళ్ళీ నిలబెట్టిస్తారు. అలా నేర్చిన పిల్ల నీటిని తేలిగ్గా తీసుకోదు, నీటిని చూసి బిగుసుకుపోదు. ఈత రాక, జాకెట్ వేసుకోక లాంచీ ఎక్కే మనందరికన్నా ఆ పిల్లే క్షేమంగా ఉంటుంది.

మళ్ళీ పల్నాటి కథకు వస్తే, నాగమ్మ గురించి ఒక మాట చెప్పాలి. పల్నాటి కథ చెప్పేవాళ్ళలో చాలామంది ఆమెను దుష్టురాలిగా చూపిస్తారు. రాజ్యం నడిపిన ఆడమనిషి, మగవాళ్ళ సభలో ఎదురు నిలిచి పందెం కాసిన ఆడమనిషి. ఆమె న్యాయంగా గెలిచిందో లేదో చెప్పగల మధ్యస్థుడు ఆ రోజు ఉంటే, ఇన్ని వందల ఏళ్ళు ఆమె నింద మోయాల్సిన పని ఉండేది కాదు. గెలుపు న్యాయమైతే ఆ గెలుపు ఆమెదయ్యేది. తప్పు చేసి ఉంటే శిక్ష అక్కడే తీరిపోయేది. కారంపూడిలో నేల తడిసేది కాదు. న్యాయమైన బరి ఓడినవాళ్ళకు ఎంత మేలో, గెలిచినవాళ్ళకూ అంతే మేలు. ముఖ్యంగా గెలిచిన ఆడవాళ్ళకు. వాళ్ళ గెలుపు మీదే లోకానికి ఎక్కువ అనుమానం కాబట్టి.

అందుకే పల్నాడులో ఆడపిల్లల చేతికి తెరచాప రావాలని నేను కోరుకుంటున్నాను. మా పిల్లలు పోటీని వదులుకోవాలని నేనెప్పుడూ అనను. రోషం మా నేల గుణం, దాన్ని తీసేస్తే మిగిలేది తక్కువ. ఆ రోషానికి సమానమైన పడవలు కావాలి, ఇద్దరి పక్షాన్నీ పలికే అంపైర్లు కావాలి, తీర్చుకుని ముందుకు పోగల శిక్ష కావాలి. నరసరావుపేటలో, గురజాలలో, మాచర్లలో ఎన్నికలప్పుడైనా, పొలం గట్టు దగ్గరైనా, ఇంట్లో అన్నదమ్ముల మధ్యనైనా మనకు కొరతగా ఉన్నవి ఈ మూడే. పిల్లలు ఇవి పాఠం చెప్తే నేర్చుకోరు, ఆడితే నేర్చుకుంటారు.

జిల్లా అధికారులకు, క్రీడాశాఖకు, పర్యాటకశాఖకు నా విన్నపం ఒకటే. ఆనకట్ట భద్రత హద్దులు, పులుల అభయారణ్యం హద్దులు ఎక్కడున్నాయో చూసి, వాటికి ఇవతల విజయపురి సౌత్ దగ్గర కొంత నీటిని పిల్లల తెరచాపలకు కేటాయించండి. హైదరాబాద్‌లో నేర్పిన వాళ్ళను పిలిపించండి. మొదట ఆడపిల్లలకు, అదీ ప్రభుత్వ బడుల పిల్లలకు నేర్పండి. ఒకే రకం పడవలు కొన్ని చాలు, మ్యాచ్ రేసింగ్‌కు ఒకసారికి రెండే కావాలి. అమ్మానాన్నలకు ఒక మాట. రాబోయే వానాకాలంలో హైదరాబాద్ పోయే పనుంటే పోటీలు జరిగే రోజు చూసుకుని మీ అమ్మాయిని వెంటబెట్టుకుని హుస్సేన్‌సాగర్ గట్టున ఒక పూట నిలబడండి. ఆ పిల్లల్ని చూశాక మీ అమ్మాయి అడిగే ప్రశ్నకు వద్దనే జవాబు మాత్రం చెప్పకండి.